పిడుదుల జ్వరానికి పంతొమ్మిది వేలు: ఏ రూపాయి ఎక్కడికి పోయింది

మా రాణి నాటు కుక్క. ఐదేళ్లు, బరువు సరిగ్గా 20 కిలోలు. వానాకాలంలో హైదరాబాద్‌లో పిడుదుల జ్వరం తగిలింది. పిడుదులను కొందరు గోమార్లంటారు, ఈ జ్వరాన్ని క్లినిక్‌లో అయితే టిక్ ఫీవర్ అంటారు. మొదటి ఇంజెక్షన్ నుంచి చివరి రక్తపరీక్ష దాకా మొత్తం 19,000 రూపాయలైంది. అందులో 1,800 శుద్ధ దండగ. ఇంకో నాలుగు వేల దాకా కాస్త ముందు అడిగి ఉంటే వేరేలా ఖర్చయ్యేది. మిగతాదంతా అవసరమే అని ఇప్పుడు చెప్పగలను. ఆ రోజు కౌంటర్ దగ్గర చెప్పలేకపోయాను, ఎందుకంటే ఏ పరీక్ష దేనికో నాకు తెలియదు, ఎవరూ చెప్పలేదు. ఇది రాయడం అందుకే.

ముందు ఇంట్లో చూసుకోవాల్సినవి. కుక్క ముక్కు వేడిగా ఉందా, పొడిగా ఉందా అన్నది లెక్కలోకి రాదు. వంద, నూటయాభై రూపాయల డిజిటల్ థర్మామీటర్ ఒకటి కుక్కకని వేరుగా పెట్టుకోండి. కొనకు వాజ్‌లిన్ రాసి, తోక పైకెత్తి, మలద్వారంలోకి ఒక అంగుళం పెట్టి బీప్ వచ్చేదాకా పట్టుకోవాలి. కుక్కకు 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ మామూలే. మన లెక్కన అది జ్వరంలా కనిపిస్తుంది, కంగారు పడి పారాసిటమాల్ వేసేవాళ్లున్నారు. వేయకండి. మనుషుల నొప్పి మాత్రల్లో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపునీ కిడ్నీలనీ దెబ్బతీస్తాయి. 103 దాటితే జ్వరం కింద లెక్క. రాణికి 104.2.

తరవాత చిగుళ్లు. పై పెదవి ఎత్తి, చిగురు మీద వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి రెండు సెకన్లలోపు గులాబీ రంగు తిరిగి రావాలి. చిగురు ముందే పాలిపోయి ఉంటే రక్తం తగ్గినట్టు. పొట్ట మీద, వెంట్రుకలు పల్చగా ఉన్నచోట ఆవగింజంత ఎర్రటి చుక్కలున్నాయేమో చూడాలి. నొక్కినా ఆ చుక్క మాయం కాకపోతే అది చర్మం కింద రక్తం, అంటే ప్లేట్‌లెట్లు పడిపోయాయని అనుమానించాలి. ముక్కులోంచి రక్తం, నల్లటి విరేచనం, ముదురు టీ రంగు మూత్రం... వీటిలో ఏది కనిపించినా ఆ పూటే తీసుకెళ్లాలి, రేపు చూద్దాం అనుకోకూడదు. పిడుదులు చెవుల లోపల, కాలివేళ్ల మధ్య, బెల్టు కింద దాక్కుంటాయి. ఒక్కటీ కనిపించలేదంటే జ్వరం వాటిది కాదని కాదు. కుట్టాక ఎనిమిది నుంచి ఇరవై రోజులకు జ్వరం వస్తుంది, అప్పటికి కుట్టినది రక్తం తాగి రాలిపోయి ఉంటుంది.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి: జ్వరం ఎంత, ఎప్పటినుంచి, చివరిసారి తిన్నది ఎప్పుడు, నీళ్లు తాగుతోందా, చివరి టీకా తేదీ, పిడుదుల మందు చివరిసారి ఎప్పుడు వేశారు. "రెండు మూడు రోజుల నుంచి డల్‌గా ఉంది సార్" అనే మాటకు డాక్టరు చేయగలిగింది తక్కువ.

మొదట వెళ్లింది ఇంటి దగ్గర క్లినిక్‌కి. చేయి పెట్టి చూశారు, మూడు ఇంజెక్షన్లు వేశారు, 900 తీసుకున్నారు, రేపు రమ్మన్నారు. రాత్రికి రాణి లేచి అన్నం తింది. మర్నాడు మళ్లీ మూడు ఇంజెక్షన్లు, మళ్లీ 900. ఎల్లుండి మధ్యాహ్నానికి మొదటికొచ్చింది. వేసిన మందుల పేర్లు ఎక్కడా రాయలేదు. అడిగితే "యాంటీబయాటిక్, జ్వరానికి, బలానికి" అన్నారు.

ఆ రాత్రి ఎందుకు లేచి తిన్నదో తరవాత అర్థమైంది. డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ పడితే ఏ జబ్బున్న కుక్కయినా నాలుగైదు గంటల్లో హుషారవుతుంది. జ్వరం దిగుతుంది, ఆకలి పుడుతుంది. మనకు డాక్టరు మీద నమ్మకం కుదురుతుంది. లోపలి జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. స్టెరాయిడ్ తప్పు మందేమీ కాదు. పిడుదుల జ్వరంలో ఒంటి రక్షణ వ్యవస్థే ప్లేట్‌లెట్లను తినేస్తుంటే డాక్టర్లు ప్రెడ్నిసోలోన్ కొద్దిరోజులు కావాలనే ఇస్తారు. ఏమిటో తేల్చకుండా వేయడమే తప్పు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. స్టెరాయిడ్‌తో పాటు మెలాక్సికామ్ లాంటి నొప్పి మందు కలిసి పడితే కడుపులో పుండ్లు పడి రక్తం కారుతుంది. అసలే ప్లేట్‌లెట్లు లేని కుక్కకు అది ప్రాణం మీదికి వస్తుంది. మొదటి క్లినిక్‌లో ఏం వేశారో తెలియదు కాబట్టి రెండో డాక్టరు నొప్పి మందు రాయడానికే వెనకాడారు. పేరు రాయని ఇంజెక్షన్‌తో వచ్చే అసలు నష్టం ఇదే, తరవాత వచ్చే డాక్టరు చేతులు కట్టేస్తుంది. అప్పటినుంచి నాది ఒకటే పద్ధతి: సిరంజిలోకి లాగే ముందే "మేడమ్, సీసా ఒక్కసారి ఇటు తిప్పండి, ఫోటో తీసుకుంటాను" అంటాను. మంచి డాక్టరెవరూ దీనికి కోపం తెచ్చుకోలేదు.

రెండో చోట డాక్టరమ్మ ముందు బరువు తూచారు. తరవాత చెప్పిన మాట, "ఇప్పుడు ఏ మందూ వెయ్యను, ముందు రక్తం తీస్తాను." ఈ వరస ముఖ్యం. మాత్ర మొదలుపెట్టాక రక్తంలో క్రిములు తగ్గిపోతాయి, ఆ తరవాత చేసే పరీక్షల్లో జబ్బు ఉన్నా లేనట్టు రావచ్చు. రెండు ఊదా మూత గొట్టాల్లో రక్తం తీసి, ఒకటి పరీక్షకు పంపి, రెండోది ఫ్రిజ్‌లో పెట్టారు. ఆ రెండో గొట్టం తరవాత ఎంత పనికొచ్చిందో ముందు ముందు చెప్తాను.

ఊదా మూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా మందు ఉంటుంది. గీత దాకా నింపాలి, నింపిన వెంటనే ఎనిమిది పదిసార్లు మెల్లగా తిరగేయాలి, కుదపకూడదు. కుక్క గింజుకుని రక్తం చుక్కలు చుక్కలుగా వస్తే గొట్టంలోనే ప్లేట్‌లెట్లు ముద్ద కడతాయి, మెషీన్ ఆ ముద్దలను లెక్కపెట్టదు. అప్పుడు రిపోర్టులో 20 వేలు అని వస్తుంది, ఇంటిల్లిపాదికీ గుండె జారిపోతుంది. అందుకే సీబీసీతో (మెషీన్ రక్తకణాలను లెక్కపెట్టే పరీక్ష) పాటు స్మియర్ కూడా చూడమని అడగాలి. గాజు పలక మీద ఒక చుక్క పరిచి, రంగు వేసి, మైక్రోస్కోప్‌లో కంటితో చూడటమే స్మియర్. నూనె వేసి చూసే పెద్ద లెన్స్ కింద ఒక్కో చూపులో ఎన్ని ప్లేట్‌లెట్లు కనిపిస్తే వాటిని సుమారు 15 వేలతో హెచ్చించాలి. పది కనిపిస్తే లక్షన్నర. కుక్కకు రెండు లక్షల పైన ఉంటే మామూలు. రాణికి మెషీన్ 31 వేలంది, స్మియర్‌లో చూపుకి నాలుగైదు కనిపించాయి, అంటే అరవై, డెబ్బై వేలు. తక్కువే, కానీ దానంతటదే రక్తం కారే స్థితి కాదు. మామూలుగా ఆ భయం 30 వేలకు దిగువన మొదలవుతుంది. ఈ ఒక్క తేడాతో అడ్మిట్ చేయాలా వద్దా అన్నది మారిపోయింది.

బాబీసియా అని పిడుదులు ఎక్కించే ఇంకో క్రిమి ఉంది, ఎర్రకణాల్లో చేరుతుంది. దాని అనుమానం ఉంటే స్మియర్‌కి ముందుకాలి నరంలోంచి కాక చెవి కొన గుచ్చి తీసిన చుక్క మంచిది. ఆ క్రిమి ఉన్న ఎర్రకణాలు సన్నటి నాళాల్లో ఎక్కువగా చిక్కుకుంటాయి.

ఇక కిట్ పరీక్ష. పది నిమిషాల్లో చుక్కలు చూపించే ఈ కిట్‌కి నా దగ్గర 2,400 తీసుకున్నారు. ఎక్కువమంది మోసపోయామనుకునేది దీని దగ్గరే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. క్లినిక్‌లలో ఎక్కువగా వాడే నాలుగు జబ్బుల కిట్ ఎర్లీకియా, అనాప్లాస్మా, లైమ్ (మూడూ పిడుదులతో వచ్చే జబ్బులు), గుండె పురుగు చూస్తుంది. బాబీసియా అందులో లేనే లేదు. "టిక్ ఫీవర్ కిట్ నెగటివ్ వచ్చింది" అనగానే పిడుదుల జబ్బేదీ లేదనుకుంటే పొరపాటు. రెండోది, ఎర్లీకియాకు అది చూసేది క్రిమిని కాదు, దాని మీద ఒళ్లు తయారుచేసిన యాంటీబాడీలను. అవి తయారవడానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది, జ్వరం కొత్తగా వచ్చినప్పుడు నెగటివ్ రావచ్చు. జబ్బు నయమయ్యాక కూడా నెలలు, ఒక్కోసారి ఏళ్లు రక్తంలో ఉంటాయి. కాబట్టి కోర్సు అయ్యాక "తగ్గిందో లేదో చూద్దాం" అని మళ్లీ అదే కిట్ వేస్తే పాజిటివ్ వస్తుంది, మనం మళ్లీ ఇరవై ఎనిమిది రోజుల మాత్రలు మొదలుపెడతాం. రెండోసారి కిట్ అన్నారంటే దేనికని అడగండి.

ప్రతి పరీక్షకూ నేను అడిగే ప్రశ్న ఒకటుంది: "రిపోర్టు ఇలా వచ్చినా అలా వచ్చినా మందు మారుతుందా?" మారుతుందంటే చేయించాలి. మారదంటే ఆపొచ్చు, కనీసం ఈ రోజుకి. ఈ ప్రశ్నకు డాక్టరమ్మ కాలేయం, కిడ్నీ పరీక్ష ఎందుకో చెప్పారు: కిడ్నీ దెబ్బతిని ఉంటే సెలైన్ లెక్క, మందుల ఎంపిక రెండూ మారతాయి. అదే రోజు రాసిన ఎక్స్‌రేని మాత్రం ఆవిడే కొట్టేశారు. "ఇప్పుడు అక్కర్లేదు, దగ్గు లేదుగా." నమ్మకం కుదిరింది అక్కడే.

అడ్మిట్ చేయమని అక్కడి రిసెప్షన్‌లో అన్నారు, రోజుకి మూడు వేలు, మూడు రోజులకు అడ్వాన్స్. లోపల డాక్టరమ్మని అడిగాను, ఇక్కడ ఉంచితే ఇంట్లో చేయలేనిది ఏం జరుగుతుందని. సెలైన్, రెండు పూటలా జ్వరం చూడటం, వాంతి ఆగకపోతే ఇంజెక్షన్ అన్నారు. రాణి నీళ్లు తాగుతోంది, వాంతి లేదు. అయితే ఇంటికే తీసుకెళ్లండి, రోజూ ఉదయం చిగుళ్ల ఫోటో పంపండి అన్నారు. నీళ్లు కూడా తాగకపోయినా, రోజులో రెండు మూడు వాంతులు ఉన్నా, ఊపిరి ఎగబోస్తున్నా ఈ బేరాలేవీ పెట్టకండి, అడ్మిట్ చేయండి. ఇంకో సంగతి, "రాత్రి ఎవరుంటారు?" అని తప్పక అడగాలి. డాక్టరు ఫోన్‌లో మాత్రమే ఉండి, కుక్కల దగ్గర ఒక కుర్రాడు పడుకునే చోటికి రోజుకి మూడు వేలు ఎక్కువ.

రాణికి మొదట మొదలుపెట్టిన వైద్యం ఎర్లీకియాకి. దానికి మందు డాక్సీసైక్లిన్. రోజుకి కిలోకి 10 మిల్లీగ్రాములు, 28 రోజులు. రాణి 20 కిలోలు కాబట్టి 200, అంటే 100 మిల్లీగ్రాములవి ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, మొత్తం 56. ఈ లెక్క మీరే మందు మొదలుపెట్టుకోవడానికి చెప్పడం లేదు, చీటీలో రాసినది సరిచూసుకోవడానికి. కుక్కను తూచకుండా కంటితో చూసి రాసిన చీటీలు చాలా చూశాను.

ఈ మాత్రతో జరిగే తప్పులు మూడు. ఖాళీ కడుపున ఇస్తే వాంతి, ఆ వాంతిని చూసి "పడటం లేదు" అని ఆపేస్తారు. ముందు నాలుగు ముద్దలు పెట్టి అప్పుడు ఇవ్వాలి. రెండోది, మాత్ర గొంతు గొట్టంలో అతుక్కుపోతే అక్కడే పుండు పడుతుంది, అందుకే వేశాక సిరంజితో పదిమిల్లీలీటర్ల నీళ్లు చెంప పక్కనుంచి మెల్లగా పోయాలి. మూడోది మన ఇళ్లలో మామూలుగా జరిగేది: పెరుగన్నంలో కలిపి పెట్టడం, పైగా పక్కనే కాల్షియం, ఐరన్ టానిక్‌లు. కాల్షియం, ఐరన్ ఈ మందును పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. పెరుగు బదులు ఉడికించిన గుడ్డులో దాచి పెట్టాను. బొప్పాయి ఆకు రసం సంగతి అందరూ అడుగుతారు. నాకు దాని మీద నమ్మకం లేదు. చేదుకి కుక్క కక్కితే దాంతో పాటు మాత్ర కూడా బయటికొస్తుంది, అది మాత్రం నమ్మకంగా చెప్పగలను.

కొత్త ఎర్లీకియా అయితే మాత్ర మొదలైన ఒకటి రెండు రోజుల్లో జ్వరం దిగి, ఆకలి పుడుతుంది. ఏడో రోజుకి కుక్క గంతులేస్తుంది, సగంమంది అక్కడే ఆపేస్తారు. క్రిమి మిగిలిపోయి ఎముక మూలుగులో తిష్ట వేస్తే నెలల తరవాత ముదిరిన రూపంలో వస్తుంది, దానికి వైద్యం కష్టం. 56లో చివరి మాత్ర దాకా వేయాల్సిందే.

రాణికి జ్వరం రెండో రోజే దిగింది. కానీ నాలుగో రోజు చిగుళ్లు ఇంకా తెల్లబడ్డాయి. మళ్లీ సీబీసీ తీస్తే ప్లేట్‌లెట్లు పెరిగాయి, పీసీవీ మాత్రం 27 నుంచి 21కి పడింది. పీసీవీ అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, కుక్కకు 37 నుంచి 55 శాతం దాకా ఉండాలి. ప్లేట్‌లెట్లు పెరుగుతూ ఎర్రకణాలు తగ్గుతున్నాయంటే ఇంకో దొంగ ఉన్నట్టు. చాలామంది ఈ చోటే డాక్టరును మారుస్తారు. కొత్త డాక్టరు మళ్లీ కిట్, మళ్లీ కాలేయం, కిడ్నీ అంటారు, ఇంకో ఐదు వేలు. మేము మారలేదు, ఎందుకంటే "మూడు నాలుగు రోజుల్లో పీసీవీ తగ్గితే బాబీసియా చూడాలి" అని మొదటిరోజే చీటీ కింద రాసి ఉంది.

ఫ్రిజ్‌లో పెట్టిన రెండో గొట్టం ఇప్పుడు బయటికొచ్చింది. మాత్ర మొదలుపెట్టకముందు తీసిన రక్తం కాబట్టి పీసీఆర్‌కి (రక్తంలో క్రిమి జన్యువునే వెతికే పరీక్ష) అదే పంపారు, 3,800. రెండు రోజుల్లో బాబీసియా గిబ్సోనీ అని వచ్చింది, అంటే బాబీసియాలో చిన్న రకం. ఇది పిడుదులతోనే కాదు, కుక్కలు కొట్టుకుని కరుచుకున్నా, పరీక్ష చేయని కుక్క రక్తం ఎక్కించినా రావచ్చు. బాబీసియా అనగానే కొందరు డిమినజీన్ ఇంజెక్షన్ వేసి పంపేస్తారు. పెద్ద రకం బాబీసియాకు అది బాగా పనిచేస్తుంది. ఈ చిన్న రకానికి సరిగ్గా లొంగదు, కొద్దివారాల్లో తిరగబెడుతుంది. అందుకే ఏ రకమో తేల్చుకోవడం. మందు మారుతుంది కాబట్టి ఆ 3,800 దండగ కాదు.

దీనికి రెండు దారులు చెప్పారు. ఒకటి అటోవక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి పది రోజులు. మంచి దారి, కానీ అటోవక్వోన్ ఖరీదు ఎక్కువ, అన్ని షాపుల్లో దొరకదు, కొవ్వున్న తిండితో రోజుకి మూడుసార్లు వేయాలి. రెండోది క్లిండామైసిన్, మెట్రోనిడజోల్, ఇప్పటికే నడుస్తున్న డాక్సీ, మూడూ కలిపి వారాల తరబడి. చవక, నిదానం. రెండింటి ధరా చెప్పి, రక్తం ఇంకా పడితే మొదటిదానికి మారదామని షరతు పెట్టి, నిర్ణయం మాకే వదిలారు. రెండో దారి పట్టాం.

మెట్రోనిడజోల్ గురించి ఒక హెచ్చరిక. పొడి నాలుకకు తగిలితే భరించలేని చేదు. రాణికి 300 మిల్లీగ్రాములు కాబట్టి 200 మాత్ర ఒకటిన్నర వేయాలి. విరిచిన సగం ముక్క నాలుకకు తగలగానే నోటినుంచి తెల్లటి నురగ, సొంగ తాడులా నేల దాకా వేలాడింది, తల విదిలిస్తే గోడల మీద పడింది. రియాక్షన్ అనుకుని పరుగెత్తేవాళ్లుంటారు. అది చేదు మాత్రమే, ఐదు నిమిషాల్లో పోతుంది. విరిచిన అంచుకు నెయ్యి రాసి పేరబెట్టి, నాలుక మొదట్లో పెట్టి నోరు మూస్తే సరిపోతుంది. తూలుతూ నడవడం, కళ్లు పక్కలకు అదరడం కనిపిస్తే మాత్రం వెంటనే ఆపి ఫోన్ చేయాలి, ఆ మందు మెదడు మీద పనిచేస్తున్న గుర్తు అది.

రక్తం ఎక్కించాలా అని 21 చూసి నేను అడిగాను. అంకె ఒక్కటే చూసి ఎక్కించరట. లేచి నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతోందా, గుండె వేగం ఎంత అన్నవి చూస్తారు. 15 దగ్గరికి వస్తే ఇక ఆలోచించే సమయం ఉండదు కాబట్టి దాతను ముందే చూసి పెట్టుకోమన్నారు: 25 కిలోల పైన, టీకాలన్నీ పడిన, పిడుదుల జబ్బులు లేవని పరీక్షలో తేలిన కుక్క. మాకు ఆ అవసరం రాలేదు.

బిల్లు ఇదీ. మొదటి క్లినిక్ 1,800. రెండో చోట మొదటిరోజు: ఫీజు 500, సీబీసీ, స్మియర్ 650, కిట్ 2,400, కాలేయం, కిడ్నీ 1,200, సెలైన్, ఇంజెక్షన్లు 850, కలిపి 5,600. పీసీఆర్ 3,800. తిరిగి చూపించుకున్న మూడుసార్లూ సీబీసీతో కలిపి 800 చొప్పున 2,400. మందులు 2,600. పిడుదుల మాత్ర 2,100, ఇంట్లో కొట్టే మందు 700. వెనక్కి తిరిగి చూస్తే, మొదటిరోజే కిట్ మానేసి ఎర్లీకియా, బాబీసియా రెండూ చూసే పీసీఆర్ ఒక్కటి పంపి, స్మియర్ చూసి డాక్సీ మొదలుపెడితే రెండు వేలకు పైగా మిగిలేది. డాక్టరమ్మతో ఆ మాటే అన్నాను. పీసీఆర్ రిపోర్టుకి రెండు రోజులు పడుతుంది, చాలామంది అంతసేపు ఆగరు, పది నిమిషాల్లో చుక్క చూపిస్తేనే నమ్ముతారు అన్నారు. అందులో నిజం లేకపోలేదు.

మందుల దగ్గర మిగుల్చుకోవచ్చు. డాక్సీ, క్లిండామైసిన్, మెట్రోనిడజోల్ మనుషులవే. కంపెనీ పేరు కాక మందు పేరు రాయమంటే జన ఔషధి దుకాణంలో కొనుక్కోవచ్చు. డాక్సీ మీద తేడా బాగా కనిపించింది. ఇంకోటి, పశువైద్య క్లినిక్ చేసే వైద్య సేవకు జీఎస్టీ లేదు. మందులకు, తిండికి, గ్రూమింగ్‌కు ఉంటుంది. ఫీజు మీద, ఆపరేషన్ మీద పన్ను వేసి ఉంటే ఎందుకని అడగండి.

ఇంత ఎందుకవుతుందన్న కోపానికి ఒక సమాధానం ఉంది, నచ్చినా నచ్చకపోయినా. మనకు పెద్దాసుపత్రి, ఆరోగ్యశ్రీ ఉన్నాయి, ఖర్చులో మన వాటా ఎంతో కొంతే కంటికి కనిపిస్తుంది. కుక్కకు మొత్తం జేబులోంచే. ప్రభుత్వ పశువైద్యశాలలున్నాయి, హైదరాబాద్‌లో నారాయణగూడ సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల, అటు తిరుపతి, గన్నవరం కళాశాలల ఆస్పత్రులు. ఖర్చు నామమాత్రం. కళాశాలల్లో ముందు విద్యార్థులు చూసి, తరవాత ప్రొఫెసర్లు చూస్తారు, సగం పూట పోతుంది, కానీ కష్టమైన కేసుకి అక్కడున్నంత అనుభవం చాలా ప్రైవేటు చోట్ల ఉండదు. ఇబ్బంది వేళలతోనే. రాత్రి పదకొండుకి ముక్కులోంచి రక్తం కారితే ప్రైవేటే గతి. నా సలహా, పరీక్షలు ప్రైవేటులో అయ్యాక ఆ ఫైలు పట్టుకుని రెండో అభిప్రాయానికి కళాశాలకు వెళ్లడం.

డాక్టరు బోర్డు మీద, చీటీ మీద రాష్ట్ర పశువైద్య మండలి రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. ఇంటికొచ్చి ఇంజెక్షన్లు వేసే కాంపౌండర్లను డాక్టరుగారూ అని పిలవడం మనకు అలవాటు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం రిజిస్టరైన పశువైద్యుడే వైద్యం చేయాలి, సహాయకులు చేయగలిగేది చిన్నచిన్న సేవలు, అదీ డాక్టరు పర్యవేక్షణలో. నిజంగా నిర్లక్ష్యం జరిగిందనుకుంటే వృత్తి తప్పిదానికి మండలికి రాయాలి, నష్టపరిహారానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి రెండేళ్లలోపు వెళ్లాలి. కట్టిన డబ్బు ఐదు లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు. పూర్తి ఉచితంగా చేసిన వైద్యం మాత్రం దాని కిందికి రాదు. ఎక్కడికి వెళ్లినా వాళ్లు మొదట అడిగేది కాగితాలు. మొదటి క్లినిక్ మీద ఫిర్యాదు చేద్దామంటే నా దగ్గర ఉన్నవి 900 రూపాయల ఫోన్‌పే మెసేజ్‌లు రెండు. వాటితో ఏం నిరూపిస్తాం.

చివరగా పిడుదులు. కుక్క మీద కనిపించేవి కొన్నే, మిగతావన్నీ ఇంట్లోనే ఉంటాయి. రక్తం తాగి బఠాణీ గింజంత ఉబ్బిన ఆడ పిడుదు రాలి, గోడ ఎక్కి, పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. అందుకే షాంపూ ఎన్నిసార్లు రుద్దినా వారానికి మళ్లీ వస్తాయి. డెల్టామెత్రిన్ ద్రావణం సీసా మీద రాసిన కొలతకే కలిపి, గోడ పగుళ్లు, గడప సందులు, మంచం కోళ్ల కింద, కుక్క పడుకునే మూల కొట్టాలి. పూర్తిగా ఆరేదాకా కుక్కను బయట ఉంచాలి. ఇంట్లో పిల్లి ఉంటే ఈ జాతి మందులు దానికి విషం, వేరే దారి అడగండి. ఒక్కసారి కొడితే గుడ్లు చావవు, రెండేసి వారాలకు మూడుసార్లు కొట్టాలి. ఒంటిమీదున్న పిడుదును ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగి స్పిరిట్‌లో వేయండి. గోటితో చిదమకండి, కిరసనాయిలు పోయకండి.

మాత్రల్లో ఫ్లూరలనర్ పన్నెండు వారాలు, అఫాక్సొలనర్ నెల పనిచేస్తాయి. మూర్ఛలు వచ్చే కుక్క అయితే ముందే డాక్టరుకు చెప్పాలి. ఫ్లూరలనర్‌లో 20 కిలోల దాకా 500 మిల్లీగ్రాముల మాత్ర, దాటితే 1000. రాణి సరిగ్గా గీత మీదుంది. జబ్బులో చిక్కి 18.6కి దిగింది కాబట్టి ఈసారి 500 సరిపోయింది. పన్నెండు వారాలకు 21 కిలోలైతే పెద్దది కొనాలి, ఆ రోజు తూచకుండా పాత డబ్బా చూపించి అదే తెచ్చుకుంటే మందు చాలదు. ఈ మాత్రలు పిడుదు కుట్టాకే చంపుతాయి, ఎర్లీకియా కుట్టిన కొన్ని గంటల్లోనే ఎక్కేయగలదు. అందుకే గోడల పని కూడా మానకూడదు.

ఇరవై ఎనిమిదో రోజు పీసీవీ 38, ప్లేట్‌లెట్లు రెండు లక్షల నలభై వేలు. బాబీసియా పోయిందో లేదో తేల్చడానికి కోర్సు అయ్యాక 60 రోజులకు ఒకసారి, 90కి ఒకసారి పీసీఆర్ చేయాలన్నారు. ఆ ఖర్చు పై లెక్కలో లేదు. అరవయ్యో రోజుది చేయించాం, నెగటివ్. తొంభయ్యో రోజు తేదీ, పిడుదుల మాత్ర తేదీ రెండూ వంటగది అలమర తలుపు లోపల రాసి ఉన్నాయి.